నీడ ఉత్తరంలో సలహా

ఆ ఆఫీసులో అందరికీ ఆమె అక్కయ్యే. ఆమె కంటే రెండేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా అక్కయ్యా అనే పిలుస్తాడు. అర్జెంటు పని పడిందంటే చివరి అక్షరాన్ని ఇంకాస్త సాగదీస్తాడు. పదిహేడేళ్ళుగా ఆమెది ఒకే కుర్చీ, ఒకే కిటికీ. కిటికీలోంచి చూస్తే బస్సులు కడిగే ఖాళీ జాగా, అక్కడ ఎప్పటికీ ఆరని తడి. కింది అంతస్తులో ప్రింటర్లూ, కాగితాన్ని మూడు మడతలు పెట్టి కవరులో దోపే యంత్రమూ ఉంటాయి. ఆ యంత్రం నడుస్తున్నంతసేపూ పైన బల్లల మీద గ్లాసుల్లో నీళ్ళు వణుకుతూనే ఉంటాయి.

వాళ్ళు చేసేది ఆసుపత్రుల తరఫున ఉత్తరాలు పంపడం. రక్తపరీక్ష, కంటిపరీక్ష, ఊపిరితిత్తుల ఎక్స్‌రే, పరీక్ష ఏదైనా సరే, ఫలితం అంకెలుగా వీళ్ళ దగ్గరికి వస్తుంది, ఉత్తరంగా మనిషి ఇంటికి వెళుతుంది. మధ్యలో జరిగేదంతా అక్కయ్య పని. రోజుకు నాలుగువేల మందికి కబురు పంపుతుంది, ఒక్కరి ముఖం కూడా తెలియదు. బాగా చేసినన్నాళ్ళూ అలాంటి పని ఒకటి ఉందని కూడా ఎవరికీ పట్టదు.

ఆ మంగళవారం పొద్దున పదిన్నరకు పెద్దాసుపత్రి రికార్డుల గుమాస్తా ఫోన్ చేశాడు. మామూలుగా అయితే ఆయన ఎండ గురించో వాన గురించో రెండు మాటలు మాట్లాడి గానీ అసలు సంగతికి రాడు. ఆ రోజు నేరుగా వచ్చాడు.

“అక్కయ్యగారూ, ఇక్కడ ఒక టైలరు ఉన్నాడండీ. దగ్గు తగ్గట్లేదని వచ్చాడు. రెండు నెలల కిందట ఎక్స్‌రేలో నీడ కనబడింది. రెండు వారాల్లో రమ్మని ఉత్తరం వెళ్ళాలి కదా? ఎందుకు రాలేదయ్యా అంటే, మీరే రావొద్దన్నారుగా అని జేబులోంచి మీ ఉత్తరం తీసి చూపిస్తున్నాడు.”

“రావొద్దని ఎందుకుంటుందండీ?”

“నేనూ అదే అడుగుతున్నాను. చదువుతాను వినండి. ‘మీ చిత్రంలో ఒక చిన్న నీడ కనిపించింది.’ ఇంతవరకూ బాగానే ఉంది. దాని కిందే, ‘ప్రస్తుతం మీరు మళ్ళీ రావలసిన అవసరం లేదు. వచ్చే సంవత్సరం పరీక్షకు పిలుస్తాము.’ కింద సంతకం, మా ఫోన్ నంబరు. అక్షరం పొల్లు పోలేదు, చక్కగా ఉంది.”

అదే వచ్చిన చిక్కు. ఉత్తరం సగంలో ఆగిపోయి ఉంటే, పేరు రావలసిన చోట పిచ్చి గుర్తులు పడి ఉంటే, టైలరు ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చి పోట్లాడి ఉండేవాడు. అది పెద్దమనిషిలా కనిపించింది కాబట్టి నమ్మి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఉత్తరం ఎలా పుడుతుందో నాలుగు ముక్కల్లో చెప్పుకోకపోతే తర్వాత జరిగింది బుర్రకెక్కదు. కంప్యూటరంటే గిట్టనివాళ్ళు కూడా కాస్త ఓపిక పట్టండి, ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. టెంప్లేటు అనేది సగం ఉత్తరం, సగం ఆజ్ఞలు. మామూలు మాటలు మామూలుగానే ఉంటాయి, మనిషి పేరు రావలసిన చోట డాలరు గుర్తు ఉంటుంది. ఉత్తరంలో ఏదైనా ముక్కను విడిగా ఉంచుకోవాలంటే ‘డెఫ్’ అని మొదలుపెట్టి, దానికో పేరు పెట్టి, రాయవలసింది రాసి, ‘ఎండ్ డెఫ్’ అని మూస్తారు. టెంప్లేటు ఇంజను అనే ప్రోగ్రాము దీన్నంతా చదివి, జతగా పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఒక ఫైలు తయారుచేస్తుంది. దాన్నే కంపైలు చేయడం అంటారు. టెంప్లేటు మొత్తం ఒక క్లాసు, అంటే పనులన్నీ పెట్టుకునే ఒక పెట్టె, అవుతుంది. అందులో పేరు పెట్టిన ప్రతి ముక్కా ఆ క్లాసులో ఒక మెథడ్, అంటే పేరు పెట్టి పిలిస్తే జరిగే ఒక పని, అవుతుంది. ముక్కలోని మాటలు ‘ఇది రాయి, ఆ తర్వాత ఇది రాయి’ అనే వరుసలవుతాయి. డాలరు గుర్తు ఉన్న చోట ‘వెళ్ళి ఆ పేరు ఎక్కడుందో వెతికి తెచ్చి రాయి’ అనే వరుస పడుతుంది. ఏ ముక్కలోనూ చేరకుండా మిగిలిపోయిన మాటలన్నిటినీ ఇంజను పోగుచేసి ఒక పెద్ద మెథడ్‌లో పెడుతుంది. ఉత్తరం కావాలన్నప్పుడు ముందుగా నడిచేది అదే. మధ్యమధ్యలో చిన్న మెథడ్‌లను పిలుస్తూ పోతుంది.

ఇక వాళ్ళ ఆఫీసు పద్ధతి ఏమిటంటే, ఉత్తరాలన్నిటికీ కలిపి ఒక తల్లి ఫైలు ఉంటుంది. అందులో పలకరింపు, ఫలితం, సలహా, సంతకం అని నాలుగు ముక్కలు. ఒక్కో రకం ఉత్తరానికి ఒక్కో పిల్ల ఫైలు. పిల్ల ఫైలులో తేడాగా ఉండవలసిన ముక్కలు మాత్రమే రాస్తారు. పిల్ల ఏ ముక్క రాయకపోతే ఆ చోట తల్లి మాటే వినిపిస్తుంది. కంప్యూటరు దాన్ని తప్పని అనుకోదు, హెచ్చరించదు, గొణగనైనా గొణగదు. పిల్ల నోరు విప్పకపోతే తల్లి మాట్లాడటం న్యాయమే కదా అన్నట్టు పని కానిస్తుంది.

తల్లి ఫైలులో సలహా ఇదీ: ప్రస్తుతం మీరు మళ్ళీ రావలసిన అవసరం లేదు.

అక్కయ్య నీడ ఉత్తరం టెంప్లేటు తెరిచింది. ఫలితం ఉంది. సలహా లేదు. ఆ ఖాళీ చూడగానే అక్కడ ఏం ఉండాలో, ఎందుకు లేదో, ఎవరి వల్ల లేదో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలియకపోయినా బాగుండేది.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి మాస్టారు ఇంకా రిటైరు కాలేదు. ఆ టెంప్లేట్లన్నీ ఆయన చేతిలో పుట్టినవే. అక్కయ్యకు పని నేర్పింది కూడా ఆయనే. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయన మొదటి రోజు చెప్పే మాట ఒకటుండేది. పైథాన్ ఫైలును చేత్తో ముట్టుకోకండి, అది అద్దంలో బొమ్మ. ముఖానికి మసి అంటితే అద్దం తుడిచి లాభం లేదు, ముఖం కడుక్కోవాలి. టెంప్లేటు దిద్దండి, ఇంజను పైథాన్ ఫైలును అదే తిరగరాస్తుంది. ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నారంటే, వెనక కూర్చున్నవాళ్ళు ఆయన కంటే ముందే పెదాలు కదిపేవాళ్ళు.

అలాంటి మనిషి ఒక్కసారి అద్దం తుడిచారు. అప్పటిదాకా నీడ చిన్నదైతే ఏడాది ఆగి చూడటం డాక్టర్ల పద్ధతి; నీడ ఉత్తరానికి సొంత సలహా అక్కర్లేకపోయింది, తల్లిదే సరిపోయేది. ఒక పొద్దున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పద్ధతి మారింది, ఇవాళ్టి నుంచే నీడ కనబడ్డవాళ్ళను రెండు వారాల్లో రప్పించాలి అన్నారు. పదకొండింటికి ఆ రోజు ఉత్తరాల కట్ట కింద ప్రింటర్ల దగ్గరికి దిగిపోవాలి. టెంప్లేటు దిద్ది, కంపైలు చేసి, నమూనాలు అచ్చు తీసి సరిచూడాలంటే గంటన్నర. మాస్టారి చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు. అక్కయ్య ఆ పూట బయట మీటింగులో ఉంది. ఆయన నేరుగా పైథాన్ ఫైలు తెరిచి, సలహా అనే మెథడ్‌ను అయిదు వరుసల్లో చేత్తో రాసేసి, ఉత్తరాలు సరిగా వస్తున్నాయని చూసుకుని కట్ట కిందికి పంపారు. అంతలో పక్కింటావిడ ఫోన్ చేసి ఇంటికి రమ్మంది. ఎందుకో చెప్పలేదు. ఆయన టాక్సీ ఎక్కి, అందులోంచే అక్కయ్యకు ఫోన్ చేశారు.

“అమ్మాయ్, ఇంటినుంచి రమ్మన్నారు, ఎందుకో చెప్పట్లేదు. నీడ ఉత్తరంలో సలహా పైథాన్ ఫైల్లోనే పెట్టేశాను. టెంప్లేటులోకి నువ్వు ఎక్కించెయ్. మర్చిపోకు.”

“అలాగే మాస్టారూ. మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను.”

ఇంట్లో ఆయన భార్య స్నానాల గదిలో పడిపోయి ఉంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూసింది. మాస్టారు నెలన్నర రాలేదు. ఆ నెలన్నరా ఇద్దరి పనీ అక్కయ్య నెత్తిన పడింది. నీడ ఉత్తరాలు సరిగానే వెళుతున్నాయి. సరిగా జరిగేది ఎవరికి గుర్తుంటుంది? ఆమె మర్చిపోయింది. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. చూసుకుంటాను అంది, చూసుకోలేదు, అంతే.

ఇంజనుకు ఒక అలవాటుంది. టెంప్లేటు మారితేనే పైథాన్ ఫైలు మళ్ళీ రాస్తుంది, లేకపోతే ఉన్నదానితోనే సరిపెట్టుకుంటుంది. నీడ ఉత్తరం టెంప్లేటును నాలుగేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి మాస్టారి అయిదు వరుసలు నాలుగేళ్ళు బతికాయి. రెండు నెలల కిందట సర్వరు పాతబడిందని కొత్తది తెచ్చారు. కొత్త దాని మీదికి టెంప్లేట్లను మాత్రమే తీసుకెళ్ళారు. పైథాన్ ఫైళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టేవే కదా. రెండువందల పన్నెండు టెంప్లేట్లు కొత్తగా కంపైలయ్యాయి. ఒక్క తప్పు రాలేదు. ఆ రోజు మేనేజరు అందరికీ ఐస్‌క్రీములు తెప్పించాడు. కంపైలు మీట నొక్కింది అక్కయ్యే.

అప్పటినుంచి నీడ ఉత్తరాలు ఇరవై మూడు వెళ్ళాయి. ఆమె మధ్యాహ్నానికల్లా జాబితా తీసి ఆసుపత్రికి పంపింది. టెంప్లేటులో సలహా చేర్చి కంపైలు చేసింది. ఆ పనికి పదిహేను నిమిషాలు పట్టింది, నమూనాలు అచ్చు తీసి సరిచూడటానికి ఇంకో గంట పైన. ఆసుపత్రి నర్సులు ఇరవై మూడు మందికీ ఫోన్లు చేసి పిలిపించారు. పందొమ్మిది మందికి ఏమీ లేదని తేలింది. ముగ్గురికి జబ్బు మందులతో పోయే దశలోనే దొరికింది. మిగిలింది టైలరు. రెండు నెలల కిందటే వచ్చి ఉంటే ఆపరేషను చేసేవాళ్ళమని, ఇప్పుడది కుదరదని డాక్టరు చెప్పాడట. ఆ మాట గుమాస్తా ఫోన్లో చెప్పినప్పుడు అక్కయ్య సరేనండీ అని పెట్టేసింది. తర్వాత బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడింది.

ఆసుపత్రివాళ్ళు ఊరుకోలేదు, ఊరుకోకూడదు కూడా. ఎలా జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో రాసివ్వమన్నారు. పాత సర్వరు డిస్కు స్టోరు గదిలో ఉంది. మేనేజరు దాన్ని తెప్పించి పైథాన్ ఫైలు బయటికి తీయించాడు. యంత్రం రాసిన వికారమైన వరుసల మధ్య మనిషి రాసిన అయిదు వరుసలు, శుభ్రంగా, ఎడం ఎడంగా. వాటికి పైన, కంప్యూటరు చదవకుండా వదిలేసేలా హ్యాష్ గుర్తు పెట్టి, ఒక మాట: ‘చేత్తో పెట్టాను. టెంప్లేటులోకి ఎక్కించాలి.’ పక్కన తారీఖు.

“మాస్టారేనా!” అన్నాడు మేనేజరు. “ఊరందరికీ నీతులు చెప్పి, ఆయనే ఈ పని చేశారా?”

అక్కయ్య అప్పుడే చెప్పవలసింది. తారీఖు చూసి, ఆ రోజే ఆయన భార్య పడిపోయిందని మాత్రం అంది.

“పాపం, మతి ఎక్కడుంటుంది,” అన్నాడు మేనేజరు. అతని గొంతులో జాలితో పాటు కాస్త నిమ్మళం కూడా ఉంది. రిటైరైనవాడి తప్పయితే ఆఫీసుకు నొప్పి తక్కువ.

మూడు వారాలకు విచారణ పెట్టారు. మీటింగు గదిలో పొడుగాటి బల్ల, ఒక చివర ఆసుపత్రి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు, పక్కన మేనేజరు, ఎదురుగా మాస్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చారు. రిటైరైన ఈ రెండేళ్ళలో మనిషి బాగా తగ్గిపోయారు. ఈమధ్య పేర్లు మర్చిపోతున్నారని, ఒకే మాట రెండుసార్లు అడుగుతున్నారని ఆయన కూతురు ముందే ఫోన్ చేసి చెప్పింది. అక్కయ్య ఆయన పక్కనే కూర్చుంది. వచ్చీ రాగానే ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, బాగున్నావా అమ్మాయ్ అన్నారు.

డాక్టరు అచ్చు తీసిన కాగితం ఆయన ముందుకు జరిపాడు. మాస్టారు కళ్ళజోడు మార్చుకుని చదివారు. రెండోసారి చదివారు.

“రాసింది నేనే. ఇది నా పద్ధతే,” అన్నారు.

“టెంప్లేటులో ఎందుకు చేర్చలేదండీ?”

ఆయన నుదుటి మీద వేళ్ళు పెట్టి రుద్దుకున్నారు. ఆ రోజు సగం గుర్తుంది, సగం లేదు. ఆసుపత్రి ఫోను గుర్తుంది, టాక్సీ గుర్తుంది. తర్వాత ఆయన అక్కయ్య వైపు తిరిగారు. అనుమానంతో కాదు, చిన్నపిల్లలు దారి అడిగినట్టు అడిగారు.

“అమ్మాయ్, నేను నీకేమైనా చెప్పానా? ఎక్కించమనిగానీ…”

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఎదురుగా డాక్టరు ఉన్నాడు, టైలరు పేరు కూడా ఉన్న ఇరవై మూడు పేర్ల జాబితా బల్ల మీద ఉంది. అక్కయ్యకు భయం వేసింది. ఉద్యోగం పోతుందనో, కేసు పెడతారనో లెక్క వేసుకునేంత తీరిక కూడా లేదు. ఒట్టి భయం.

“గుర్తు లేదు మాస్టారూ,” అంది.

“ఉంటే నీకు గుర్తుండేది,” అన్నారాయన వెంటనే, ఆమెను వెనకేసుకొస్తూ. “ఈ అమ్మాయి ఏదీ మర్చిపోదండీ. అయితే నేనే మర్చిపోయాను. రాయండి, నా పొరపాటు అని రాయండి.” చెప్పి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టారు. సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

అక్కయ్య ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మామూలుగానే వంట చేసింది. తనకు తాను చాలా చెప్పుకుంది. ఆయన రిటైరయ్యారు, ఆయన్ను ఎవరూ ఏమీ చేయరు. పేరుకు చిన్న మచ్చ, నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోతారు. టైలరుకు ఎటూ మేలు జరగదు. ఇవన్నీ నిజాలే. నిజాలను పోగుచేసుకుని వాటి వెనక దాక్కోవడం అంత సులువని ఆమెకు అంతకుముందు తెలియదు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మాస్టారి కూతురు ఆఫీసుకు వచ్చింది. ఆమె మందుల షాపులో పనిచేస్తుంది; అక్కడ వేసుకునే కోటు కూడా విప్పకుండా వచ్చి, మెట్ల దగ్గరే నిలబడింది.

“అక్కా, మీరొకసారి ఇంటికి రావాలి. నాన్నగారు నా మాట వినట్లేదు.”

“ఏమైందమ్మా?”

“ఆ విచారణ అయిన దగ్గర్నుంచీ మనిషి మనిషిలా లేరు. మొదట్లో టైలరు టైలరు అనేవారు. ఇప్పుడు అమ్మ సంగతి పట్టుకున్నారు. అమ్మకు బీపీ మాత్ర రోజూ పొద్దున ఈయనే ఇచ్చేవారు కదా. అది పడకే ఆ రోజు తల తిరిగి పడిపోయిందేమోనని ఇప్పుడంటున్నారు. ఆ రోజు పని మర్చిపోయినవాణ్ణి, మాత్ర మాత్రం ఇచ్చానని ఏమిటి నమ్మకం అంటారు. నాలుగేళ్ళయిందక్కా! ఇన్నాళ్ళూ ఆ ఊసే లేదు. నా బుర్ర అప్పటికే పాడైపోయింది, సంతకం కూడా పెట్టాను, మీ అమ్మను నేనే పోగొట్టుకున్నాను అంటారు. అన్నం ముందు కూర్చుని అలా చూస్తూ ఉంటారు.”

ఆ మాట అంటూనే కూతురు ఏడ్చేసింది. అక్కయ్య పోగుచేసుకున్న నిజాలన్నీ ఒక్కసారిగా జారిపోయాయి. మాస్టారికి పోయింది పేరు అనుకుంది. ఆయన రోజులన్నీ ఆ ఒక్క రోజు మీద ఆనుకుని ఉన్నాయని, ఆ రోజు తన మతి సరిగానే పనిచేసిందన్న నమ్మకాన్ని తాను రెండు మాటలతో లాగేసిందని ఇప్పుడు తెలిసింది.

“మీ మాటంటే ఆయనకు గురి. మీరు చెప్తే వింటారు,” అంది కూతురు.

ఆదివారం మధ్యాహ్నం అక్కయ్య వెళ్ళింది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కూతురు తలుపు తీసి, మీరు మాట్లాడుతూ ఉండండక్కా, నేను కూరలు తెచ్చుకుంటాను అని సంచీ పట్టుకుని వెళ్ళింది. మాస్టారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నారు. ఆమెను చూసి లేవబోయారు.

“కూర్చోండి మాస్టారూ. మీకొక మాట చెప్పాలి. మధ్యలో ఆపకండి, ఆపితే నేను చెప్పలేను.”

ఆయన సరేనన్నట్టు తల ఊపారు. ఆమె నిలబడే చెప్పింది.

“మీరు మర్చిపోలేదు. ఆ రోజు టాక్సీలోంచి నాకు ఫోన్ చేసి చెప్పారు. టెంప్లేటులోకి ఎక్కించమన్నారు, మర్చిపోకు అని కూడా అన్నారు. నేనే మర్చిపోయాను. విచారణలో మీరు అడిగినప్పుడు నాకు గుర్తుంది. భయపడి అబద్ధం చెప్పాను. తప్పు నాది. రేపే మేనేజరుకు రాసిస్తాను.”

మాస్టారు తల ఎత్తారు. తర్వాత ఆయన ముఖంలో మెల్లగా ఏదో వెలుగు వచ్చింది. ముందుకు వంగారు.

“నిజంగానా అమ్మాయ్? ఫోన్ చేశానా నేను?”

“చేశారు మాస్టారూ. పదకొండు దాటాక.”

“టాక్సీ గుర్తుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం కూడా గుర్తున్నట్టే ఉంది…” ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నారు, ఒకదాన్నొకటి. “అంటే ఆ రోజు నా బుర్ర బాగానే ఉందన్నమాట. పని గుర్తుపెట్టుకుని మరీ అప్పజెప్పాను.”

“బాగానే ఉంది. మీరు ఏదీ మర్చిపోలేదు.”

“అయితే…” అని ఆగారు. అడగడానికి ఆయనకే భయంగా ఉన్నట్టుంది. “అయితే అమ్మాయ్, మాత్ర సంగతి ఏమైనా అన్నానా నీతో?”

అనలేదు. ఆ మాటే రాలేదు. తెలియదు మాస్టారూ అంటే సరిపోయేది. నిజం అదే, అప్పటిదాకా చెప్పినది కూడా నిజమే. కానీ ఆ ముఖం చూస్తూ ఆమె ఆ మాట అనలేకపోయింది. రెండు నెలలుగా ఆయన మీద పెట్టిన బరువంతా ఒక్కసారిగా దించేయాలనిపించింది. సగం దించి సగం ఉంచడం ఏమిటి అనిపించింది.

“అన్నారు,” అంది. “పొద్దున మాత్ర వేసే వచ్చాను, అయినా ఎలా పడిపోయిందో అన్నారు.”

మాస్టారు పెదాలు కదిపి ఆ మాటనే మళ్ళీ ఒకసారి అనుకున్నారు. చూస్తుండగానే ఆ వెలుగు తగ్గిపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

“టాక్సీలో ఉన్నప్పుడు మా ఆవిడ పడిందని నాకు తెలీదమ్మా,” అన్నారు నెమ్మదిగా. “పక్కింటావిడ రమ్మంది, అంతే. పడిందని ఇంటికెళ్ళాకే తెలిసింది. మిగతా రోజంతా మసకే గానీ, ఆ స్నానాల గది తలుపు తీయడం మాత్రం గుర్తుంది నాకు.”

అక్కయ్య ఒక అడుగు ముందుకు వేసింది. “మాస్టారూ, అది… అది ఒక్కటీ నేను… ముందు చెప్పింది మాత్రం నిజం. మీరు ఫోన్ చేశారు. ఎక్కించమన్నారు. ఒట్టు.”

“మా అమ్మాయి ఏడ్చి ఉంటుంది నీ దగ్గర.”

“ఏడ్చింది. అందుకు కాదు మాస్టారూ. నిజంగానే—”

“కూర్చో ముందు. ఎందుకలా నిలబడ్డావు?” ఆయన పక్క కుర్చీ మీది పేపరు తీసి కింద పెట్టారు. ఆమె కూర్చుంది. ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆయన చెయ్యి చాపి, ఆఫీసులో కొత్తల్లో ఆమె ఏదైనా పాడుచేసి బిక్కముఖం వేసినప్పుడు చేసినట్టే, భుజం తట్టారు.

“నా కోసం నీ నెత్తిన వేసుకుందామని వచ్చావు. ఎవరొస్తారు అలా? నువ్వు రాసిచ్చినా లాభం లేదు. వాళ్ళు నన్నడుగుతారు, అడిగితే ఈ అమ్మాయికి నేనేమీ చెప్పలేదనే అంటాను. సంతకం పెట్టినవాణ్ణి నేను.”

“మీరు చెప్పారు మాస్టారూ,” అంది ఆమె ఏడుస్తూనే. “చెప్పారు. నేనే చేయలేదు.”

“సరేలే,” అన్నారాయన, చంటిపిల్లతో అన్నట్టు. “నా దగ్గర అన్నావు, అయిపోయింది. ఇంకెక్కడా అనకు తల్లీ. ఆఫీసులో వింటే నిజమే అనుకుంటారు.”